పెట్టె మీది పద్నాలుగు రోజులు

వేసవి సెలవులకు కొద్దిరోజుల ముందు, ఒకనాటి సాయంకాలం తరగతి ముగించుకొని వరండాలోకి వచ్చేసరికి, డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు నా కోసం నిలబడి ఉన్నాడు. పోలీసు కానిస్టేబులు ఎంపికలో 1,600 మీటర్ల పరుగు ఒకటి ఉంటుంది. దానికోసం ఆ అబ్బాయి ఏడాదిగా ప్రతి ఉదయమూ పరుగెత్తుతున్నాడు. ఆదివారాలలో ఒక బట్టల దుకాణంలో పని చేసి కూడబెట్టిన డబ్బుతో, పరుగువాళ్ళు కట్టుకొనే స్మార్ట్ వాచీ ఒకటి కొనుక్కోవాలని అతని కోరిక. ఫోనులో ఒక ప్రకటన చూపించి అడిగాడు: “మాస్టారూ, దీని బ్యాటరీ పద్నాలుగు రోజులు వస్తుందట. మీరూ ఇటువంటిదే కడుతున్నారు గదా! కొనమంటారా?”

నేను మాట్లాడకుండా నా ముంజేయి ఎత్తి చూపాను. వాచీ అద్దం నల్లగా ఉన్నది. ఆ మధ్యాహ్నమే ఛార్జి అయిపోయి ఆరిపోయినది. ఇద్దరమూ నవ్వుకొన్నాము. కాని ఇంటికి వెళ్ళిన తరువాత ఆ నవ్వు నన్ను వదలలేదు. కొనవద్దంటే నేను అనుభవిస్తున్న సుఖాన్ని అతనికి కాదన్నట్లు అవుతుంది. కొనమంటే, ఎన్నో ఆదివారాల చెమటను ఒక అంకెను నమ్మి ధారపోయమన్నట్లు అవుతుంది. మూడేళ్ళ అనుభవంలో నేను తెలిసికొన్నది వరుసగా చెప్పి, నిర్ణయం అతనికే వదలడం న్యాయమనిపించినది. అతనికి చెప్పిన సమాధానమే ఈ వ్యాసం. ఇటువంటి ప్రశ్న మన బడులలో, కళాశాలలలో ఇప్పుడు ఎందరో విద్యార్థులు అడుగుతున్నారు గనుక, తోటి ఉపాధ్యాయులకు కూడా ఇది పనికిరావచ్చును.

మూడేళ్ళ క్రిందట నా రక్తంలో చక్కెర హెచ్చినదని డాక్టరుగారు తేల్చి, రోజూ నడవమన్నారు. ఆ నడక క్రమంగా వేగమై, ఆ వేగం చిన్న పరుగైనది. అది చూచి మా అమ్మాయి తన మొదటి జీతంతో ఈ వాచీ కొని పంపినది. ఏ సంస్థ తయారు చేసినదన్నది ఇక్కడ అప్రస్తుతం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘14 రోజుల వరకు’ అని, దాని క్రింద కొంచెం చిన్న అక్షరాలతో ‘జి.పి.ఎస్.తో 30 గంటల వరకు’ అని ఉన్నది. అమావాస్యనాడు ఛార్జి పెడితే పౌర్ణమిదాకా దాని మాట తలవనక్కరలేదని సంబరపడ్డాను. అయిదవనాటి సాయంకాలానికే అది ఆకలి అని గోల పెట్టినది.

మొదట వస్తువులో లోపమనుకొన్నాను. మరల ఛార్జి పెట్టాను. మరల అయిదు రోజులే. అప్పుడు మోసమనుకొన్నాను. నా సణుగుడు విని మా ఆవిడ అన్నది: “ఏమండీ, ఫోనుకు రోజూ ఛార్జి పెడుతున్నారు, ఏనాడూ విసుక్కోలేదు. దీనికి అయిదు రోజులకొకసారి పెట్టడానికి ఇంత బాధా?” ఆ ప్రశ్నకు జవాబు నాకు వెంటనే తట్టలేదు. తరువాత ఆలోచించగా తెలిసినది. ఫోను నాకు పద్నాలుగు రోజులని ఎన్నడూ చెప్పలేదు. అయిదు రోజులు తక్కువని కాదు నా బాధ. పద్నాలుగు అని విన్న చెవికి అయిదు తక్కువగా వినబడినది.

ఆశ అన్నది వస్తువులో ఉండదు, మన మనస్సులో ఉంటుంది. దీనికి మా నాన్నగారి వాచీయే సాక్షి. అది హెచ్.ఎం.టి. వాచీ. బెంగుళూరులో 1961లో వాచీల తయారీ మొదలుపెట్టిన ఆ ప్రభుత్వ సంస్థ తన వాచీల కంపెనీని 2016లో మూసివేసినది; నాన్నగారి వాచీ మాత్రం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నది. ఆయన రోజూ స్నానం చేసి, బడికి బయలుదేరే ముందు, రెండు వ్రేళ్ళతో దానికి కీ ఇచ్చేవారు. నిండా కీ ఇస్తే సుమారు ఒకటిన్నర రోజు నడిచేది. ఒకటిన్నర రోజే నడుస్తున్నదని ఆయన ఎవరితోనూ ఫిర్యాదు చేయగా నేను వినలేదు. కీ ఇవ్వడం బొట్టు పెట్టుకోవడంవలె దినచర్యలో ఒక భాగం.

అంతకు పూర్వపు సంగతి చూస్తే, అడుగున సన్నని చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్ళలో వదలి, అది మునిగిన కాలాన్ని గడియ అని లెక్కించేవారు. గడియ అంటే 24 నిమిషాలు. గిన్నె మునిగినప్పుడల్లా తీసి మరల తేల్చడానికి ఒక మనిషి దాని దగ్గర కూర్చోవలసినదే. అంటే గడియారానికి మనిషి సేవ చేయడం అనాదిగా ఉన్నదే. ఆ సేవను మనచేత మరపించినది క్వార్ట్జ్ వాచీ. 1969 డిసెంబరు 25న జపానులో సైకో సంస్థ ఆస్ట్రాన్ అన్న పేరుతో మొదటి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టినది. ఈ జాతి వాచీలలో ఒక చిన్న స్ఫటికం సెకనుకు 32,768 మార్లు కంపిస్తుంటుంది; చొక్కా బొత్తామంత బ్యాటరీ దానిని రెండు మూడేళ్ళు నడుపుతుంది. ఆ సుఖానికి అలవాటు పడిన తరం మనది. స్మార్ట్ వాచీ రూపంలో వాచీ. చేసే పనిలో మాత్రం అది ఫోనుకు తమ్ముడు. రూపాన్ని చూచి క్వార్ట్జ్ వాచీ ఓపికను ఆశించినాము; చిక్కంతా అక్కడ వచ్చినది.

ఇక ఆ తమ్ముడి జీతమెంత, ఖర్చెంత అన్న లెక్క చూద్దాము. ఈ తరహా వాచీలలో బ్యాటరీ సుమారు 300 మిల్లీ ఆంపియర్-గంటలు ఉంటుందనుకొందాము. నేటి ఫోనులో 5,000 దాకా ఉండడం సామాన్యం. 300 అంటే శక్తిలో ఒక వాట్-గంటకు కాస్త ఎక్కువ. మన ఇంట్లోని పది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు దానిని ఏడు నిమిషాలలో హరించివేస్తుంది. ఆ ఏడు నిమిషాల వెలుగును పద్నాలుగు రోజులకు సరిపెట్టడం ఆ చిన్న యంత్రం తలమీద పెట్టిన భారం. గోరంత దీపం కొండంత వెలుగు అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

ఆ గోరంతలో వాటా అడిగేవారు చాలామంది ఉన్నారు. వాచీ అడుగున ఆకుపచ్చని దీపాలు మిణుకుమంటుంటాయి. రక్తం ఆకుపచ్చని వెలుగును పీల్చుకొంటుంది. నాడి కొట్టినప్పుడు రక్తం హెచ్చి వెలుగు తక్కువగా తిరిగి వస్తుంది; ఆ తేడాను లెక్కించి వాచీ గుండె వేగం చెప్పుతుంది. రాత్రి నిద్రలో రక్తంలోని ప్రాణవాయువును కొలవమంటే ఎరుపు, పరారుణ దీపాలు కూడా వెలగాలి. మనం నిద్రపోతుంటే అది మేలుకొని ఉంటుందన్నమాట. పరుగు మొదలుపెట్టగానే, 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాల క్షీణమైన సంకేతాలను ప్రతి సెకనూ వెదకి పట్టుకోవాలి. ‘అన్ని వ్యవస్థలూ, రెండు తరంగాలూ’ అని మనం ఎంచుకొంటే రష్యావారి గ్లోనాస్, ఐరోపావారి గెలీలియో, చైనావారి బెయిడూ ఉపగ్రహాలను కూడా, అదీ రెండేసి పౌనఃపున్యాలమీద, వినాలి. ఎత్తైన భవనాల మధ్య దీనివలన దారి చక్కగా నమోదవుతుంది, నిజమే. ఖర్చు కూడా పెరుగుతుంది. తెర ఎప్పుడూ వెలుగుతూ ఉండాలంటే ఒక వాటా. వాచీలోనుండి పాటలు వినాలంటే పెద్ద వాటా. ఫోనుకు వచ్చే ప్రతి సందేశానికీ మణికట్టు అదరాలంటే మరొక వాటా.

ఇప్పుడు పెట్టె మీది అంకెలనే తీసికొని తరగతిలో నల్లబల్లమీద వేయదగిన లెక్క ఒకటి చేద్దాము. బ్యాటరీని 100 పాళ్ళు అనుకొందాము. పరుగు లేకుండా 14 రోజులు వస్తే రోజు ఖర్చు ఇంచుమించు 7 పాళ్ళు. జి.పి.ఎస్.తో 30 గంటలు వస్తే గంట ఖర్చు 3.3 పాళ్ళు. అంటే ఒక గంట పరుగు, పదకొండు గంటల విశ్రాంతితో సమానం. రోజుకు గంట పరుగెత్తేవానికి ఆ గంటకు 3.3, మిగిలిన 23 గంటలకు 6.9, మొత్తం 10.2 పాళ్ళు. పది రోజులు కూడా నిండవు! అన్ని ఉపగ్రహాలతో 16 గంటలే వస్తుందని లోపలి చిన్న పుస్తకంలో ఉన్నది. ఆ లెక్కన రోజుకు 13 పాళ్ళు పైగా ఖర్చు, ఏడున్నర రోజులు. ఎప్పుడూ వెలిగే తెర, రాత్రి ప్రాణవాయువు కొలత కూడా కలిపితే నా అయిదు రోజులు వచ్చి కూర్చున్నవి. వస్తువులో లోపమూ లేదు, అంకెలో అబద్ధమూ లేదు.

మరి తప్పెక్కడ? నేను తెలుగు చెప్పుకొని బ్రతికేవాడను గనుక నాకు అది వ్యాకరణంలో దొరికినది. పెట్టె మీది రెండు అంకెల మధ్య కనబడని మాట ఒకటి ఉన్నది. అది ‘లేదా’. నేను ‘మరియు’ అని చదువుకొన్నాను. పద్నాలుగు రోజులు వస్తుంది, లేదా ముప్పది గంటలు పరుగెత్తవచ్చును. రెండూ ఒకే ఛార్జిలో రావు. పదిరూపాయల నోటుతో టీ త్రాగవచ్చును, లేదా బిస్కత్తులు కొనుక్కోవచ్చును అన్నప్పుడు రెండూ దక్కుతాయని ఎవరూ అనుకోరు గదా!

రెండవ మాట ‘వరకు’. ఇది మరీ గడుసుది. ‘ఈ ప్రశ్నకు 10 మార్కుల వరకు వేయవచ్చును’ అంటే ప్రతి విద్యార్థికీ పది వస్తాయని ఏ ఉపాధ్యాయుడూ అనుకోడు. పది దాటి వేయరాదన్నదే దాని అర్థం. ‘వరకు’ పై హద్దును చెప్పుతుంది, క్రింది హద్దును గురించి నోరు మెదపదు. మన మనస్సు మాత్రం పై హద్దునే హామీగా పట్టుకొంటుంది. తయారుచేసినవారికి ఇది తెలియదనుకోలేము. అంకెను గుమ్మడికాయంత వ్రాసి, ‘వరకు’ను ఆవగింజంత వ్రాయడంలో వారి నేర్పున్నది. అబద్ధమాడకుండానే ఆశపెట్టే నేర్పు అది. దానికి విరుగుడు కోపం కాదు. ఆవగింజను కూడా చదవడం.

ఇదంతా తెలిసిన తరువాతనైనా నేను బుద్ధిమంతుడనైనానా అంటే, లేదు. నిరుటి చలికాలంలో, విశాఖపట్టణంలో రామకృష్ణా బీచి నుండి ఋషికొండ దిక్కుగా వెళ్ళి తిరిగివచ్చే 21.1 కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చాను. యాభై దాటిన తరువాత నా మొదటి పెద్ద పరుగు అది. ముందునాటి రాత్రి వాచీలో 58 శాతం ఉన్నది. 30 గంటలలో 58 శాతమంటే 17 గంటలు, నా పరుగు మూడు గంటలు, భయమేమిటనుకొని పడుకొన్నాను. మరునాడు ఉత్సాహంకొద్దీ అన్ని ఉపగ్రహాలూ పెట్టాను, తెర ఎప్పుడూ వెలగమన్నాను, చెవులలో పాటలు పెట్టుకొన్నాను. పైగా వాచీకి అప్పటికే రెండేళ్ళు నిండినవి. కొత్తనాటి నూరు పాళ్ళు దానిలో లేవు. శాతపు అంకె కూడా యంత్రం వేసే అంచనాయే. చివరి దశలో అది నడక మాని దూకడం మొదలుపెడుతుంది. తెన్నేటి పార్కు దాటిన తరువాత, పదిహేడవ కిలోమీటరు దగ్గర, పాట ఆగినది, తెర ఆరినది.

సిగ్గుపడుతూ చెప్పుతున్నాను: నేను కూడా ఆగిపోయాను. కాళ్ళలో నొప్పి లేదు, గుండెలో దడ లేదు. అయినా ఇక ముందు వేసే అడుగు ఏ ఖాతాలోనూ పడదన్న భావం నన్ను నిలబెట్టివేసినది. అరటిపండ్లు పంచుతున్న ఒక తల్లి, “ఏం బాబూ, కాళ్ళు పట్టేశాయా?” అని అడిగినది. “లేదమ్మా, వాచీ ఆగిపోయినది” అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూచి, “వాచీయే గదా!” అని, పండు చేతిలో పెట్టి, ప్రక్కవానివైపు తిరిగినది.

మిగిలిన నాలుగు కిలోమీటర్లు ఆ మాటతోనే పరుగెత్తాను. పాటలు లేవు గనుక కెరటాల చప్పుడు వినబడినది. వేగం చెప్పేవారు లేరు గనుక డాక్టరుగారు చెప్పిన పాత కొలత పనికి వచ్చినది. పరుగెత్తుతూ ప్రక్కవానితో రెండు వాక్యాలు మాట్లాడగలిగితే చాలు, గుండె హద్దులో ఉన్నట్లే. ముగింపు గీత దాటిన తరువాత చూచుకొంటే, 2 గంటల 56 నిమిషాలని నా పేర నమోదై ఉన్నది. నమోదు చేసినది నా చొక్కాకు పిన్నులతో గుచ్చిన సంఖ్య కాగితం. దాని వెనుక అంటించిన పలుచని పట్టీలో బ్యాటరీయే లేదు. దారిలో పరచిన చాప మీదుగా పోతున్నప్పుడు అక్కడి రేడియో తరంగాలనుండే క్షణకాలం శక్తిని పుచ్చుకొని అది తన సంఖ్య చెప్పుతుంది. వేలు ఖరీదు చేసే వాచీ పదిహేడు కిలోమీటర్ల దగ్గర వదిలివేసిన లెక్కను ఆ కాగితం పూర్తి చేసినది.

ఇక కొనేవారు అడగని ప్రశ్న మరొకటి ఉన్నది. ఒక ఛార్జి ఎన్ని రోజులు వస్తుందని అందరూ అడుగుతారు. బ్యాటరీ ఎన్ని సంవత్సరాలు వస్తుందని ఎవరూ అడగరు. ఈ లిథియం-అయాన్ బ్యాటరీలు 1991లో సోనీ సంస్థ ద్వారా బజారుకు వచ్చినవి. వాటికి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి లభించినది. ఎంత గొప్పదైనా ఈ బ్యాటరీకి వార్ధక్యం ఉన్నది. కొన్ని వందల నిండు ఛార్జీల తరువాత దాని కడుపు చిన్నదవుతుంది. మాటవరుసకు 500 అనుకొందాము. అయిదు రోజులకొకసారి నింపితే ఏడాదికి 73, ఆరేడేళ్ళు గడుస్తుంది. రోజూ ఖాళీ చేసి రోజూ నింపితే ఏడాదిన్నరలోపే ఆ అంకె చేరుతుంది. సగం ఖాళీ చేసి సగం నింపితే అర ఛార్జి క్రిందనే లెక్క. దీనికి తోడు వేడి దానికి శత్రువు. మన ఎండలలో కారు అద్దం దగ్గర వదిలిన వాచీ, వాడకుండానే ముసలిదవుతుంది.

నా వాచీ బ్యాటరీ మార్చగలరా అని అమ్మకందారు దగ్గరకు వెళ్ళి అడిగాను. “దీనికి మార్చడం ఉండదండీ, పాతది ఇచ్చి కొత్తది తగ్గింపుతో తీసికోండి” అన్నారు. నీరు చొరకుండా జిగురుతో మూసిన పెట్టె అది. తెరవడానికి చేసినది కాదు. నాన్నగారి వాచీ ఆగితే వీధి చివర మరమ్మతు చేసేవాడు కంటికి భూతద్దం పెట్టుకొని విప్పేవాడు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుండి చేతి పరికరాల బ్యాటరీలు వాడుకరి స్వయంగా తీసి మార్చుకొనేట్లు ఉండాలి. నీటిలో వాడేవాటికి మాత్రం కొన్ని మినహాయింపులున్నవి. మన దేశంలో 2022 నాటి నిబంధనలు పాత బ్యాటరీలను సేకరించే బాధ్యతను తయారీదారులమీద పెట్టినవి. కనుక చచ్చిన వాచీని చెత్తబుట్టలో వేయరాదు.

విద్యార్థికి ఇదంతా చెప్పి, చివరికి ఒక ప్రశ్న అడిగాను: “నీకు కావలసినది ఏమిటి నాయనా?” అతడు కాసేపు ఆలోచించి, “పదహారువందల మీటర్లకు నాకు ఎంతసేపు పడుతున్నదో తెలియాలి మాస్టారూ” అన్నాడు. 400 మీటర్ల మైదానంలో అది సరిగా నాలుగు చుట్లు. గీసిన సున్నపు గీత దూరంలో తప్పు చెప్పదు. ఉపగ్రహం మలుపుల దగ్గర కొన్ని మీటర్లు అటు ఇటు పోవచ్చును. కాలం కొలవడానికి స్టాప్ వాచీ ఉన్న మామూలు డిజిటల్ వాచీ చాలును. అతడు అదే కొన్నాడు. మిగిలిన డబ్బుతో మంచి బూట్లు కొన్నాడు. రేపు ఉద్యోగం వచ్చి, దూరపు పరుగులమీద మనసైతే, అప్పుడు పెద్ద వాచీ కొనుక్కోవచ్చును. అప్పటికి ‘వరకు’ను చదవడం అతనికి వచ్చు.

నేను నా వాచీని పారవేయలేదు. దానితో తగవు మానుకొన్నాను. రాత్రి కొలతలు, ఎప్పుడూ వెలిగే తెర తీసివేశాను. రోజూ స్నానానికి వెళ్ళేటప్పుడు దానిని ఛార్జికి పెట్టి, బొట్టు పెట్టుకొన్న తరువాత తీసి కట్టుకొంటున్నాను. నాన్నగారు కీ ఇచ్చే వేళ కూడా అదే. ఇప్పుడది పద్నాలుగు రోజులు వస్తుందో, అయిదు రోజులు వస్తుందో నాకు పట్టలేదు.

కొన్నాళ్ళుగా ఉదయాలలో ఆ అబ్బాయితో కలిసి మైదానానికి వెళుతున్నాను. అతడు పరుగెత్తుతాడు, నేను వెనుకనుండి నా వేగంతో వస్తుంటాను. మొన్న మొదలుపెట్టే ముందు అతడు నవ్వుతూ, “మాస్టారూ, మీ దాంట్లో ఎంత ఉన్నది?” అని అడిగాడు. చూచి, “నలభై ఆరు” అన్నాను.

“చాలు లెండి. మనకు నాలుగు చుట్లే గదా!” అని అతడు గీత దగ్గరకు నడిచాడు.